చిన్న బేలింగ్ మెషిన్‌కు ఏ పట్టీ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సూపర్ మార్కెట్ల వెనక గదుల్లో, డ్రై వేస్ట్ సెంటర్లలో, పంచాయతీ చెత్త షెడ్లలో, స్క్రాప్ కొట్లలో కనిపించే నిలువు బేలింగ్ మెషిన్ల గురించే ఈ పేజీ. అట్ట, కవర్ల లాంటి పాత సరుకును గట్టిగా నొక్కి, పట్టీతో కట్టి, బేళ్లుగా, అంటే మోపులుగా, మార్చే మెషిన్లివి. ఒత్తిడి 3 నుంచి 10 టన్నులు, బేలు బరువు 30 నుంచి 120 కిలోలు ఉండే సైజు అన్నమాట. 400 కిలోల బేళ్లు కట్టే పెద్ద మెషిన్ల లెక్క వేరు, అది ఇక్కడ లేదు. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది కాబట్టి, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కొనేముందు

మా మెషిన్ 5 టన్నులది. అయితే 5 టన్నులు ఆపే పట్టీ కావాలా?

అక్కర్లేదు. సరుకును నొక్కే ప్లేటు కింద ఉన్నంతసేపు దాన్ని ఆపేది మెషినే. పట్టీ మీద భారం పడేది ప్లేటు పైకి లేచాకే. అప్పుడు సరుకు ఎంత తిరిగి పొంగితే అంతే భారం. మామూలు అట్ట నొక్కాక చాలావరకు నలిగిపోయి అలాగే ఉండిపోతుంది. ప్లాస్టిక్ కవర్లు, మూతలున్న సీసాలు స్ప్రింగులా తంతాయి. అందుకే పట్టీని మెషిన్ టన్నులు చూసి కాదు, అందులో వేసే సరుకు చూసి ఎంచుకోవాలి.

ఒక లెక్క చూడండి. 4 టన్నుల మెషిన్‌లో అట్ట నొక్కారు. అందులో నాలుగో వంతు, అంటే 1000 కిలోల బలం తిరిగి పైకి తన్నిందనుకుందాం. నాలుగు పట్టీలు కట్టారు. ఒక్కో పట్టీ బేలు ముందు ఒకటి, వెనక ఒకటి చొప్పున రెండు పేటలుగా నిలబడుతుంది కాబట్టి మొత్తం ఎనిమిది పేటలు. ఒక్కో పేట మీద 125 కిలోలు. అదే మెషిన్‌లో కవర్లు నొక్కితే సగం బలం తిరిగి తన్నిందనుకోండి, పేటకు 250 కిలోలు. ముడి వేసిన చోట పట్టీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి 400 కిలోలకు తెగే పట్టీ అట్టకు హాయిగా సరిపోతుంది, కవర్లకు మాత్రం పటపటా తెగుతుంది.

అట్టకు, కవర్లకు, సీసాలకు ఒకే పట్టీ వాడకూడదా?

వాడొచ్చు, కాకపోతే అన్నిటికంటే ఎక్కువ తన్నే సరుకుకు సరిపడేది కొనాలి. రోజూ వచ్చేదాంట్లో తొంభై పాళ్లు అట్టే అయితే అది డబ్బు దండగ. అప్పుడు అట్టకు తగిన పట్టీ కొని, కవర్ల బేలు కట్టే రోజున ఒక్కో గాడిలో (మెషిన్‌లో పట్టీ దూర్చే సన్నటి దారిలో) పట్టీని రెండు పేటలుగా వేయండి. రెండు రకాల రోళ్లు పెట్టుకుని మాటిమాటికీ మార్చడం కాగితం మీద బాగుంటుంది. షెడ్డులో మాత్రం రెండో వారానికే ఏ రోల్ ఉంటే ఆ రోల్‌తో కట్టేస్తారు.

అల్యూమినియం డబ్బాలు అంతగా పొంగవు, కానీ వాటి అంచులు కోస్తాయి. వాటికి బలం కన్నా వెడల్పు, మందం ముఖ్యం.

మెషిన్ అమ్మినవాళ్ల దగ్గరే పట్టీ కొనాలా?

కొలతలు కలిస్తే ఎక్కడైనా కొనొచ్చు. కలవాల్సినవి నాలుగు: పట్టీ వెడల్పు, మందం, రోల్ మధ్య గొట్టం లోపలి కొలత, నిండు రోల్ బయటి వ్యాసం. మధ్య గొట్టం చిన్నదైతే మెషిన్ కడ్డీకి ఎక్కదు. రోల్ మరీ పెద్దదైతే పక్క రోల్‌కు రాసుకుని తిరగదు. పాత రోల్ అయిపోయాక దాని గొట్టం పారేయకండి. కొట్టుకు పట్టుకెళ్లడానికి అంతకు మించిన నమూనా లేదు.

వారంటీ కాగితంలో పట్టీ గురించి షరతు ఉందేమో ఒకసారి చదవండి. ఉంటే గడువు తీరేదాకా వాళ్లు చెప్పినదే వాడటం మంచిది.

రోజుకు రెండు మూడు బేళ్లే కడతాం. అంత ఖరీదు పట్టీ అవసరమా?

మీటరు ధర చూస్తే ఎక్కువనిపిస్తుంది. బేలుకు ఎంత పడుతుందో చూడండి. నాలుగు పట్టీలకు కలిపి బేలుకు 12 మీటర్లు పడుతుందనుకుంటే, మీటరు ధర ఒక రూపాయి పెరిగితే బేలుకు 12 రూపాయలు. 50 కిలోల బేలైతే కిలోకు 24 పైసలు. ఒక్క బేలు తెగి విడిపోతే దాన్ని ఏరి, మళ్లీ నింపి, మళ్లీ కట్టడానికి ఇద్దరు మనుషులకు అరగంట పడుతుంది. వారానికి ఒకటి రెండు బేళ్లు తెగుతుంటే చౌక పట్టీయే మీకు ఖరీదైనది.

## రకాలు

నేత పట్టీ, పీపీ పట్టీ, పెట్ పట్టీ, వీటి తేడా ఏమిటి?

నేత పట్టీ అంటే పాలిస్టర్ దారాలతో చేసిన మెత్తని పట్టీ. చూడ్డానికి వెడల్పాటి నాడాలా ఉంటుంది. ఇందులో రెండు తరహాలు. దారాలను పక్కపక్కన పేర్చి జిగురుతో అతికించింది ఒకటి, అడ్డం నిలువూ నేసింది రెండోది. రెండూ చేత్తో ముడి పడతాయి, చేతులు కొయ్యవు, కుదుపు తట్టుకుంటాయి. చిన్న బేలింగ్ మెషిన్లు చాలావరకు దీన్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. ముడితో కట్టే చోట మా ఓటు దీనికే.

పీపీ (పాలీప్రొపిలీన్) పట్టీ అట్టపెట్టెల ప్యాకింగ్‌కు వాడే పసుపు, నీలం, తెలుపు పట్టీ. చౌక, తేలిక. కానీ సాగుతుంది, సాగింది పూర్తిగా వెనక్కి రాదు. కట్టిన రోజు బిగుతుగా ఉన్న బేలు మర్నాటికి వదులవుతుంది. ఎండకు పెళుసెక్కుతుంది. 30, 40 కిలోల అట్ట బేలుకు, అదీ వారం లోపు లారీ ఎక్కేదైతే సరే.

పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) పట్టీ గట్టిగా, నున్నగా, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో ఉంటుంది. బలంలో పీపీ కన్నా చాలా మెరుగు, సాగడం తక్కువ. ఇబ్బంది ఒక్కటే: ముడి పడదు. బిగించే పనిముట్టు, సీల్ క్లిప్పు కావాలి. ప్లేటు నొక్కి ఉంచిన ఇరుకు సందులో ఆ పనిముట్టు ఎంత తిప్పలు పెడుతుందో కొనేముందు మీ మెషిన్ దగ్గరే ఒకసారి ప్రయత్నించి చూడండి.

పట్టీ పెట్టో పీపీయో చూసి చెప్పడం ఎలా?

అంగుళం ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేయండి. దానికి అంటుకున్న గాలి బుడగలు వేలితో తుడిచి, నీళ్లలో ముంచి వదలండి. పీపీ సాంద్రత 0.91 కాబట్టి తేలుతుంది. పెట్ సాంద్రత 1.38, మునుగుతుంది.

ఇక్కడో మోసం ఉంది. సుద్దపొడి ఎక్కువ కలిపిన పీపీ కూడా మునగొచ్చు. కాబట్టి రెండో పరీక్ష కూడా చేయండి: పట్టీని మడిచి గోటితో గట్టిగా నొక్కండి. మడత మీద తెల్లటి గీత పడి, రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగిందా, అందులో సుద్ద ఉన్నట్టే. కాల్చి వాసన చూసే పద్ధతి చెత్త షెడ్డులో వద్దే వద్దు.

శ్లాబు చువ్వలు కట్టే బైండింగ్ వైరు వాడితే ఏమవుతుంది?

తెగుతుంది. ఆ పనికి వాడేది ఎక్కువగా 18 గేజి, 20 గేజి వైరు. 18 గేజి మందం 1.22 మి.మీ. కాల్చి మెత్తబరిచిన అలాంటి తీగ ఒంటి పేట దాదాపు 45 కిలోల దగ్గరే తెగిపోతుంది. చువ్వలు కదలకుండా పట్టుకోవడానికి అది చాలు, పొంగే బేలును ఆపడానికి చాలదు.

తీగే వాడాలంటే 12 గేజి, అంటే 2.64 మి.మీ. మెత్తని తీగ తీసుకోండి. దాదాపు 200 కిలోలు ఆపుతుంది. మెలి పెట్టి కట్టేటప్పుడు కనీసం నాలుగైదు మెలికలు దగ్గరదగ్గరగా పడాలి. అంత మందం తీగను రోజూ చేత్తో మెలిపెడితే మణికట్టు నొప్పి ఖాయం. గుండ్రటి తీగ అట్ట మూలల్లోకి కోసుకుని దిగుతుంది, ఎంత దిగితే బేలు అంత వదులవుతుంది. సముద్రం పక్కన, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల, బేళ్లు నెలల తరబడి నిలవ ఉంచితే తుప్పు గురించి కూడా ఆలోచించాలి.

నైలాన్ తాడు, పురికొస, పాత పట్టీ ముక్కలతో సర్దుకోవచ్చా?

పురికొసతో వద్దు. నైలాన్ తాడు బలమైనదే కానీ బాగా సాగుతుంది, నున్నటి తాడైతే ముడి జారుతుంది. పాత పట్టీ ముక్కలు అతికి కడితే ఒక్కో అతుకూ ఒక్కో బలహీనమైన చోటు. ఇవన్నీ గోనెసంచుల మూతులు కట్టడానికి ఉంచుకోండి.

జిన్నింగ్ మిల్లుల్లో వాడే ఇనుప పట్టీ మంచిదంటారు కదా?

170 కిలోల దూది బేలును గట్టిగా నొక్కి కట్టే చోట దాని పని వేరు. చిన్న మెషిన్‌కు వద్దు. అంచు కత్తిలా ఉంటుంది, బిగువు మీద తెగితే ముఖం మీదికి లేస్తుంది.

## వెడల్పు, పొడవు, ఎన్ని

9 మి.మీ., 13 మి.మీ., 16 మి.మీ., ఏది తీసుకోవాలి?

నేత పట్టీకి మోటు లెక్క ఇది. 9 మి.మీ. 200 నుంచి 300 కిలోలకు తెగుతుంది. 13 మి.మీ. 350 నుంచి 500, 16 మి.మీ. 450 నుంచి 650. ఒకే వెడల్పులో ఇంత తేడా ఎందుకంటే దారాల సంఖ్య, మందం తయారీదారును బట్టి మారతాయి. కాబట్టి వెడల్పు అడిగి ఊరుకోకుండా, ఎన్ని కిలోలకు తెగుతుందో రోల్ మీదో బిల్లు మీదో రాసి ఉన్న అంకె అడగండి.

50 కిలోల లోపు అట్ట బేలుకు 9 మి.మీ. నడుస్తుంది. 50 నుంచి 100 కిలోల అట్టకు, పేపరుకు 13. కవర్లు, సీసాల లాంటి పొంగే సరుకుకు 16, లేదా 13 మి.మీ.ను రెండు పేటలుగా. కొనేముందు మెషిన్ గాడి వెడల్పు కొలవండి. 13 కోసం చేసిన గాడిలో 16 పట్టీ దూరుతుంది గానీ అంచులు మడతపడి మధ్యలో ఇరుక్కుంటుంది.

ఒక బేలుకు ఎంత పట్టీ పడుతుంది? రోల్‌కు ఎన్ని బేళ్లు వస్తాయి?

బేలు ఎత్తు, లోతు (ముందు నుంచి వెనకకు) కలిపి రెండింతలు చేయండి. ముడికి 40 సెం.మీ. కలపండి. ఎత్తు 70, లోతు 60 సెం.మీ. అయితే 260 కి 40 కలిపి 3 మీటర్లు. నాలుగు పట్టీలకు 12 మీటర్లు. 250 మీటర్ల రోల్‌కు లెక్క ప్రకారం 20 బేళ్లు, 500 మీటర్లకు 41.

చేతికి వచ్చేది అంతకన్నా ఒకటి రెండు తక్కువే. రోల్ చివర మిగిలే ముక్క, ముడి తప్పి మళ్లీ కత్తిరించినవి, దూర్చేటప్పుడు ఎక్కువ లాగేసినవి అందులో పోతాయి. నాలుగు రోళ్లు ఒకేసారి అయిపోవు కూడా. మెషిన్ పక్కన ఎప్పుడూ ఒక రోల్ ఎక్కువ ఉంచుకోండి.

మూడు పట్టీలు చాలా, నాలుగు కట్టాలా?

మెషిన్‌లో ఎన్ని గాడులుంటే అన్నీ వాడండి. నాలుగు గాడులున్న మెషిన్‌లో పట్టీ ఆదా చేద్దామని మూడు కడితే రెండు నష్టాలు. మిగిలిన మూడింటి మీద మూడో వంతు భారం ఎక్కువ పడుతుంది. పైగా వదిలేసిన చోట బేలు బొజ్జలా ఉబ్బుతుంది, లారీలో వరస కుదరదు. అట్టలో పెద్ద పలకలు అడ్డంగా ఉన్నప్పుడు మూడుతో గట్టెక్కొచ్చు. చిన్న పెట్టెలు, మందుల డబ్బాలు, తురుములా ఉన్న కాగితం అయితే మధ్యలోంచి రాలిపోతాయి. అలాంటప్పుడు అడుగున, పైన ఒక్కో పెద్ద అట్ట పలక పరిస్తే సగం సమస్య తీరుతుంది.

## కొట్టు దగ్గర

కిలో లెక్కన కొనాలా, మీటరు లెక్కన కొనాలా?

బేలు కట్టేది మీటర్లతో, కిలోలతో కాదు. కిలో ధర చెబితే దాన్ని మీటరుకు మార్చి పోల్చండి. 12 మి.మీ. వెడల్పు, 0.6 మి.మీ. మందం ఉన్న పెట్ పట్టీ మీటరు దాదాపు 10 గ్రాములు, అంటే కిలోకు 100 మీటర్లు. అదే కొలత పీపీ పట్టీ దాదాపు ఆరున్నర గ్రాములు, కిలోకు 150 మీటర్ల పైనే. పది మీటర్లు కొలిచి తూకం వేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కిలో లెక్కన కొంటే మధ్య అట్ట గొట్టం బరువు మినహాయించారా అని తప్పక అడగండి. తడి పట్టిన మందపాటి గొట్టాన్ని పట్టీ ధరకు కొన్నవాళ్లు తక్కువేం లేరు.

నేత పట్టీ మంచిదో కాదో అక్కడికక్కడే ఎలా తెలుస్తుంది?

అరమీటరు ముక్క అడగండి. ముందు గోటితో కొసను విడదీయండి. దారాలు తేలిగ్గా ఊడి దూదిలా విచ్చుకుంటే జిగురు సరిగా పట్టలేదు, అలాంటిది గాడిలో ఇరుక్కుంటుంది. తర్వాత ముక్కకు ముడి వేసి రెండు చేతులా బలంగా కుదపండి. ముడి జారకుండా ముడుచుకుపోవాలి. ఆపై రోల్‌లోని పట్టీ అంచును వేళ్ల మధ్య పట్టుకుని మీటరు దూరం లాగండి. వెడల్పు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా తగిలితే ఆ రోల్ వద్దు. సన్నగా ఉన్న చోటే తెగుతుంది.

బకిల్ (పట్టీ కొసలను బిగించి పట్టే తీగ క్లిప్పు) పెట్టాలా, ముడి చాలా? నలుపు బకిల్, తెలుపు బకిల్ తేడా ఏమిటి?

100 కిలోల లోపు అట్టకు ముడి చాలు. కవర్లు, సీసాలు ఎక్కువైతే బకిల్ పెట్టండి. పట్టీ బలాన్ని ముడి కన్నా బకిల్ ఎక్కువ నిలుపుతుంది, కట్టిన తర్వాత కొద్దిగా సర్దుకోవచ్చు కూడా.

మెరిసే తెల్ల బకిల్ జింకు పూత వేసింది, నున్నగా ఉంటుంది. బూడిద నలుపుది ఫాస్ఫేటు పూతది, గరుకుగా ఉండి పట్టీని గట్టిగా కరుస్తుంది. బేలు పనికి గరుకుదే తీసుకోండి. సైజు మాత్రం పట్టీకి సమానంగా ఉండాలి. 13 పట్టీకి 16 బకిల్ పెడితే పట్టీ ఒక పక్కకు చేరి మెలిపడి జారుతుంది.

## మెషిన్‌లో ఎక్కించి కట్టడం

రోల్ ఎక్కించాక పట్టీ మెలికలు పడుతోంది, ఎందుకు?

రోల్‌ను పడుకోబెట్టి పక్క నుంచి లాగుతున్నారు. ప్రతి చుట్టుకూ ఒక మెలిక పడుతుంది. రోల్ నిలువుగా కడ్డీ మీద బండి చక్రంలా తిరగాలి. అలాగని మరీ వదులుగా తిరిగినా చిక్కే. ఒక్క లాగుడుకు పది చుట్లు విప్పుకుని నేల మీద పడుతుంది. రోల్ పక్కన ఒక రబ్బరు వాషరో మడిచిన అట్ట ముక్కో పెట్టి కాస్త ఒరుసుకునేలా చేయండి.

పట్టీ గాడిలోంచి ఇవతలికి రావడం లేదు. ఏం చేయాలి?

తొంభై శాతం సార్లు గాడిలో కవరు ముక్కో, నలిగిన అట్టో ఉంటుంది. మెషిన్ ఆపి, మెయిన్ స్విచ్ తీసి, పొడవాటి రేకు ముక్కతో గాడి శుభ్రం చేయండి. ప్రతి బేలు తీశాక గాడులు తుడిచే అలవాటు ఉన్న చోట ఈ ప్రశ్నే రాదు.

గాడి శుభ్రంగా ఉన్నా రాకపోతే కొస చూడండి. విచ్చుకున్న కొస వెళ్లదు. దాన్ని ఏటవాలుగా కత్తిరించి, సెల్లో టేపు రెండు చుట్లు చుట్టి దూర్చండి. కొసను లైటరుతో కాల్చి గట్టిపరచడం కొన్ని చోట్ల చూస్తుంటాం. చుట్టూ కాగితం, కవర్లు ఉన్న చోట ఆ పని చేయకండి.

జారకుండా ముడి ఎలా వేయాలి?

ప్లేటు కిందికి నొక్కి ఉండగానే, తలుపు తెరిచి, బేలు ముందు వైపు చదునైన చోట కట్టాలి. మూల మీద ముడి రాకూడదు.

ఒక కొసను ఓ జానెడు వెనక్కి మడవండి. ఆ రెండు పేటలూ కలిపి ఒక సాదా ముడి వేస్తే చివర బొటనవేలు దూరేంత ఉచ్చు మిగులుతుంది. రెండో కొసను ఆ ఉచ్చులోంచి దూర్చి, వచ్చిన దిక్కుకే వెనక్కి లాగండి. ఉచ్చు కప్పీలా పనిచేస్తుంది కాబట్టి తక్కువ బలంతో ఎక్కువ బిగువు వస్తుంది. లాగిన పట్టీని ఉచ్చు దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, ఆ వేలు తీయకుండానే రెండో చేత్తో కొసను తిప్పి సగం ముడి వేయండి, దాని పక్కనే ఇంకొకటి. ఒక్క సగం ముడితో వదిలేస్తే అది జారుముడే. కనీసం 10 సెం.మీ. తోక మిగలాలి. భారం పడగానే ముడి నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి మింగుతుంది.

ఎంత బిగించాలి?

చేత్తో లాగి వదులు లేకుండా చేస్తే చాలు. కాలు తన్నిపెట్టి లాగే పని లేదు. అసలు బిగువు ప్లేటు లేచాక బేలు పొంగడం వల్ల దానంతటదే వస్తుంది. కావలసింది నాలుగు పట్టీలూ ఒకే బిగువులో ఉండటం. ఒకటి గట్టిగా, మిగతావి వదులుగా ఉంటే పొంగిన బలమంతా ముందు ఆ ఒక్కదాని మీద పడుతుంది. అది తెగాక రెండోది, తర్వాత మూడోది.

కట్టే వరస: ముందు మధ్యవి రెండూ, తర్వాత చివరివి. కట్టాక ఒక్కోదాని కింద వేలు పెట్టి చూడండి.

## తెగుతోంది, వదులవుతోంది

ప్లేటు పైకి లేవగానే పట్టీ తెగుతోంది. పట్టీ చెడ్డదా?

ముందు తెగిన కొస చూడండి, అదే చెబుతుంది. ముడి లోపల తెగితే సరుకు భారం ముడి తట్టుకోలేదు, వెడల్పు పెంచాలి లేదా బకిల్‌కు మారాలి. కొస తెగకుండా ముడి విప్పుకుపోతే తోక చాలలేదు. దారాలు ఒక పక్క నున్నగా కోసినట్టుంటే బేలులో పదునైనదేదో ఉంది: రేకు ముక్క, చెక్కపెట్టె మేకు, డబ్బా అంచు. ప్రతిసారీ ఒకే గాడి పట్టీ తెగుతోందా? ప్లేటు గాడి అంచు చేత్తో కాదు, గుడ్డతో తడమండి. లేచిన పదునైన ముక్క ఉంటే గుడ్డ తగులుకుంటుంది, ఆకురాయితో రుద్దించండి.

ఇవేవీ కాకపోతే నొక్కే పద్ధతి మార్చండి. చివరిసారి నొక్కాక వెంటనే కట్టకుండా ప్లేటును ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచితే లోపలి గాలి బయటికి పోతుంది, సరుకు కుదురుకుంటుంది. ఇది కవర్లకు బాగా పనిచేస్తుంది. మూత బిగించిన నీళ్ల సీసాల్లో గాలికి దారే లేదు. మూతలు తీయడమో, సీసాకు చిల్లు పెట్టడమో చేయకుండా ఎంత మంచి పట్టీ తెచ్చినా ప్రయోజనం ఉండదు.

కట్టినప్పుడు బాగుంది, మర్నాటికి వదులైపోయింది.

పీపీ పట్టీ అయితే అది దాని గుణం. భారం కింద మెల్లగా సాగుతూనే ఉంటుంది. 260 సెం.మీ. చుట్టు 5 శాతం సాగితే 13 సెం.మీ. పెరిగినట్టు, బేలు ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లు పెరగొచ్చు. నేత పట్టీ వాడుతున్నా వదులైతే ముడి జారి ఉండాలి, లేదా పట్టీ అట్ట అంచుల్లోకి దిగి ఉండాలి. తడి అట్ట కట్టారా? అది ఆరేకొద్దీ కుంచించుకుని వదులవుతుంది, తూకమూ తగ్గుతుంది, కొనేవాడితో గొడవ వేరే.

బేలు ఒక పక్కకు ఒరిగి వస్తోంది.

పట్టీ తప్పు కాదు. ముందు వైపు నుంచి నింపుతూ పోవడంతో వెనక మూలలు ఖాళీగా ఉంటున్నాయి. మొదట వెనక మూలలు నింపండి.

## నిల్వ, రవాణా, అమ్మకం

బేళ్లు ఎండలో ఉంచితే పట్టీ ఎన్నాళ్లు ఆగుతుంది?

మామూలు పీపీ పట్టీకి ఎండ శత్రువు. రెంటచింతల, రామగుండం వేసవిలో ఆరుబయట పడేస్తే కొద్ది వారాల్లోనే రంగు వెలిసి, వంచితే పొడిపొడిగా చిట్లుతుంది. నల్ల మసి కలిపిన పీపీ కాస్త మెరుగు. పాలిస్టర్ నేత పట్టీ, పెట్ పట్టీ ఎండను ఎక్కువకాలం ఓర్చుకుంటాయి. వాడని రోళ్లను రేకుల గోడకు ఆనించకుండా, పెట్టెలోనే, నీడలో ఉంచండి.

పట్టీ పట్టుకుని బేలు లేపొచ్చా?

లేపకూడదు. నాలుగు పట్టీల మీద పరుచుకున్న భారం ఒక్కదాని మీదికి వస్తుంది. కింద నుంచి ట్రాలీతోనో, ప్యాలెట్ మీద పెట్టో కదపండి. కొక్కెం గుచ్చి లాగే అలవాటుంటే కొక్కెం సరుకులో గుచ్చండి, పట్టీకి కాదు.

కొనేవాళ్లు "ఈ పట్టీ వద్దు" అంటున్నారు. ఎందుకు?

వాళ్ల మెషిన్‌లోకి పట్టీ ముక్క వెళితే వాళ్లకు నష్టం. పాలిథీన్ కవర్లను కరిగించేది దాదాపు 200 డిగ్రీల దగ్గర. పాలిస్టర్ 250 దాటితే గానీ కరగదు. కవర్లతో పాటు వెళ్లిన నేత పట్టీ దారాలు కరగకుండా జల్లెడకు అడ్డం పడతాయి. తెల్ల పెట్ సీసాల్లో ఆకుపచ్చ పెట్ పట్టీ ముక్కలు కలిస్తే తురుము రంగు పాడవుతుంది. అందులో పీపీ ముక్కలు కలిసినా అంత బాధ లేదు, నీళ్ల తొట్టిలో తేలి విడిపోతాయి. తీగ అయితే అయస్కాంతం లాగేస్తుంది, కానీ తప్పించుకుంటే తురిమే మెషిన్ బ్లేడు పోతుంది.

కాబట్టి పట్టీ కొనేముందే కొనేవాళ్లను అడగండి. ఏ పట్టీ వాడినా సరుకు రంగుకు భిన్నంగా ఉండే రంగు ఎంచుకోండి. నల్ల కవర్ల బేలుకు నల్ల పట్టీ కడితే విప్పేవాడి కంట పడదు.

బేలు విప్పేటప్పుడు పట్టీ ఎలా కోయాలి?

కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, బేలుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి కోయండి. చివరి పట్టీలు ముందు, మధ్యవి తర్వాత. ముడి పక్కనే కోస్తే పట్టీ మొత్తం ఒక్క ముక్కగా లాగేయొచ్చు, లోపల తుంపులు మిగలవు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బేళ్లలో కింది దాన్ని ఎప్పుడూ కోయకండి.

కోసిన పట్టీ మళ్లీ వాడొచ్చా? లేకపోతే ఏం చేయాలి?

బేలుకు వాడకండి. ఒకసారి సాగి, ముడి దగ్గర నలిగిన పట్టీ రెండోసారి ఎక్కడ తెగుతుందో చెప్పలేం. పెట్, పీపీ పట్టీలను విడివిడి సంచుల్లో పోగేస్తే ప్లాస్టిక్ కొనేవాళ్లు తీసుకుంటారు. జిగురు నేత పట్టీకి మాత్రం కొనేవాళ్లు దొరకడం కష్టం. దాన్ని కవర్ల కుప్పలో కలపకుండా పనికిరాని చెత్తతోనే పంపండి.